ఉక్కును కోసే చోట గింజల నూనె

హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ వర్క్‌షాపు షెడ్డులోకి వెళ్లినా లేత్ మిషన్ కింద ఒక ట్యాంకు ఉంటుంది. అందులో తెల్లటి కూలెంట్ ఉంటుంది. పంపు దాన్ని తోడి టూలు మీద ధారగా పోస్తుంది. అది జాలీలోంచి దిగి మళ్లీ ట్యాంకులో పడుతుంది. రోజంతా ఇదే తిరుగుడు. కానీ సన్నటి రంధ్రంలో చేత్తో ట్యాప్ తిప్పి మర కోయాల్సి వచ్చినప్పుడు చాలామంది టర్నర్లు ఆ కూలెంట్ జోలికి పోరు. పక్క అరలోంచి చిన్న డబ్బా తీసి రెండు చుక్కల నూనె వేస్తారు. కొందరి డబ్బాలో కటింగ్ ఆయిల్ ఉంటుంది, కొందరి డబ్బాలో అచ్చమైన కొబ్బరి నూనె. "నూనె ఎయ్యకుంటే ట్యాప్ ఇరుగుతది రా" అన్నది పనిలో చేరిన కుర్రాడు మొదటి వారంలోనే వినే మాట. విరిగిన ట్యాప్ రంధ్రంలో బిగుసుకుపోతే అప్పటిదాకా ఆ లోహపు ముక్క (జాబ్) మీద పెట్టిన పనంతా వృథా.

లీటర్ల కొద్దీ ద్రవం చేతికందే దూరంలో ఉండగా ఈ రెండు చుక్కలు ఎందుకు? ఒకే బరువున్న నీళ్లనూ నూనెనూ ఒక్కో డిగ్రీ వేడెక్కించి చూస్తే నీళ్లు దాదాపు రెట్టింపు వేడిని మింగుతాయి. చల్లబరచడమే అసలు పని అయితే నీళ్లను మించింది లేదు. అంటే ఆ చుక్కలు చేసేది వేరే పని.

టూలు మొన దగ్గర

టూలు లోహాన్ని చీల్చుకుంటూ పోతుందని అనుకుంటాం. నిజానికి అది తోస్తుంది. మొన ముందున్న లోహం నలిగి, ఒక ఏటవాలు తలం వెంట పొరలు పొరలుగా జారి, చిప్‌గా మారి టూలు ముఖం మీదుగా పైకి పాకుతుంది. ఇక్కడ వేడి రెండు చోట్ల పుడుతుంది. ఒకటి లోహం నలిగి జారే తలం. రెండోది చిప్ టూలును రాసుకుంటూ పోయే ముఖం. మొత్తం వేడిలో సుమారు ముప్పాతిక వంతు చిప్‌తోనే ఎగిరిపోతుంది. మిగిలింది తక్కువే అయినా, అది గోరంత చోటు కూడా లేని మొన దగ్గర పోగుపడుతుంది. కార్బైడ్ టూలుతో ఉక్కును వేగంగా కోస్తున్నప్పుడు అక్కడ ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే.

ఒత్తిడి సంగతి ఇంకా తీవ్రం. చదరపు సెంటీమీటరు మీద పది టన్నులు పెట్టినంత. పైగా చిప్ అడుగు భాగం అప్పుడే పుట్టిన లోహం. గాలి తగలని, తుప్పు పొర లేని నగ్న లోహం దేన్ని తాకినా అతుక్కోవాలని చూస్తుంది. నెమ్మదిగా కోసేటప్పుడు అది నిజంగానే టూలు మొన మీద గడ్డ కడుతుంది. ఆ గడ్డ పెరిగి, ఊడి, జాబ్ మీద గీతలు పెడుతుంది. ఊడుతూ టూలు మొనను కూడా కొంత పెకలించుకుపోతుంది.

ఇంత ఒత్తిడి ఉన్న చోటికి ఏ ద్రవమైనా ఎలా వెళ్తుంది? మొనకు మరీ దగ్గరగా అయితే వెళ్లలేదు. అక్కడ చిప్, టూలు దాదాపు ఒకే ముక్కలా కలిసిపోయి ఉంటాయి. కొంచెం వెనక, చిప్ టూలును వదిలి పైకి లేచే చోట సూక్ష్మమైన సందులు ఉంటాయి. ద్రవం దూరగలిగేది అక్కడే. వేగం ఎక్కువైతే దూరడానికి వ్యవధి చాలదు. అందుకే వేగంగా సాగే టర్నింగ్‌లో కూలెంట్ ప్రధానంగా చల్లబరుస్తుంది. ట్యాపింగ్, రీమింగ్, బ్రోచింగ్ లాంటి నెమ్మది పనుల్లో ద్రవం లోపలికి చేరుతుంది, అప్పుడు రాపిడి తగ్గించడం దాని మొదటి బాధ్యత అవుతుంది. ట్యాప్ విషయంలో ఇది మరీ స్పష్టం. దాని పళ్లన్నీ ఒకేసారి రంధ్రం గోడను పట్టుకుని ఉంటాయి. చిప్‌కు బయటికి దారి తక్కువ. రాపిడి కాస్త పెరిగినా సన్నటి ట్యాప్ మెలితిరిగి విరుగుతుంది.

చల్లబరచడం విలువను లెక్కగట్టి చూపినవాడు అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్. మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో 1880లలో ప్రయోగాలు చేస్తూ, టూలు దగ్గర చిప్ మీద నీటి ధారను జోరుగా పోస్తే కోత వేగాన్ని 30 నుంచి 40 శాతం పెంచవచ్చని ఆయన కనిపెట్టాడు. తుప్పు పట్టకుండా నీళ్లలో సోడా కలిపాడు. నేటి ట్యాంకు, పంపు, ధార పద్ధతికి మూలం అదే. అది గొప్ప ఆవిష్కరణే. కానీ దాని వెలుగులో పడి ఇంకో సగం కథను చాలాకాలం మరిచిపోయాం.

వేళ్లున్న అణువు

గింజల నూనె అణువులో గ్లిజరాల్ అనే చిన్న ముక్కకు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లపు గొలుసులు తగిలించి ఉంటాయి. గొలుసంతా కార్బన్, హైడ్రోజన్. తగిలించిన చోట మాత్రం ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల ఆ కొసకు లోహాన్ని పట్టుకునే గుణం వస్తుంది. దగ్గర దగ్గరగా నాటిన వరి నారును తలుచుకోండి. వేళ్లు బురదలో దిగి ఉంటాయి, ఆకులు పైకి నిలబడి ఉంటాయి. నూనెలోని కొవ్వు ఆమ్లాలు లోహం మీద నిలిచేది అలాగే. ఎదుటి లోహం మీద కూడా అలాంటి నాటు పడితే, రెండు లోహాల మధ్య ఆకుల కొసలు మాత్రమే ఒకదానికొకటి తగిలి జారుతుంటాయి. ఈ నాటు ఎత్తు మీటరులో వంద కోట్ల వంతుల్లో రెండు వంతులకు అటూ ఇటూ. అంత పలచటి పొర చాలు, లోహం లోహాన్ని తాకదు.

పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ తైలంలోనూ పొడవాటి గొలుసులే ఉంటాయి. కానీ వాటికి ఆక్సిజన్ కొస లేదు, అంటే వేరు లేదు. తైలం మందంగా పరుచుకుని ఉన్నంతసేపు బాగానే జారుస్తుంది. ఒత్తిడి పెరిగితే పక్కకు కొట్టుకుపోతుంది. లోహం మీద నిలిచే ఇలాంటి ఒక అణువు మందపు పొరల మీద బ్రిటిష్ శాస్త్రవేత్తలు విలియం హార్డీ, ఐడా డబుల్డే 1922లో ప్రచురించిన పరిశోధన ఈ శాస్త్రానికి పునాది.

గింజల నూనె పొరకూ ఒక హద్దు ఉంది. కొవ్వు ఆమ్లం లోహంతో కలిసి సబ్బు లాంటి పదార్థంగా మారి గట్టిగా పట్టుకుంటుంది నిజమే, కానీ 150 నుంచి 200 డిగ్రీలు దాటితే ఆ పట్టు సడలుతుంది. మొన దగ్గర 700 డిగ్రీలుంటే ఇక ప్రయోజనం ఏమిటని అడగవచ్చు. ఆ వేడి మొన దగ్గరిది. చిప్ పైకి లేచే వెనక అంచులోనూ, జాబ్‌ను ఒరుసుకునే టూలు పక్క భాగంలోనూ, నెమ్మది కోతల్లోనూ వేడి అంత ఉండదు. నూనె పనిచేసేది అక్కడ. అంతకు మించిన వేడిలో పనిచేయడానికి గంధకం, ఫాస్ఫరస్, క్లోరిన్ కలిపిన రసాయనాలను కటింగ్ ఆయిల్‌లో చేర్చడం ఆనవాయితీ. వాటిలో పొట్టి గొలుసుల క్లోరినేటెడ్ పారఫిన్లను 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. అవి నేలలో, నీళ్లలో విరగకుండా ఉండిపోయి జీవుల శరీరాల్లో పేరుకుంటాయి.

పెట్టెలో: ఒక్క శాతం చాలు

*మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో బ్రిటన్‌లో వెల్స్, సౌత్‌కూంబ్ అనే ఇద్దరు ఒక చిన్న విషయం గమనించారు. ఖనిజ తైలంలో సుమారు 1 శాతం కొవ్వు ఆమ్లం కలిపితే చాలు, రాపిడి గణనీయంగా తగ్గుతుంది. 99 శాతం తైలం అలాగే ఉంటుంది. లోహాన్ని పట్టుకునే పని మాత్రం ఆ ఒక్క శాతం చూసుకుంటుంది. జారుడుకు నూనె చిక్కదనం ఒక్కటే కారణం కాదని దీంతో తేలిపోయింది.*

చర్మానికి, ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ

పెట్రోలియం రాకముందు కర్మాగారాల్లో పంది కొవ్వు నూనె, తిమింగలం నూనె, గింజల నూనెలే వాడేవారు. ఖనిజ తైలం చవకగా, కావలసినంత దొరికింది. నిల్వ ఉంచినా కంపు కొట్టేది కాదు. అందరూ దాని వైపు మళ్లారు. ఆ మార్పుకు మూల్యం చెల్లించింది మాత్రం యంత్రం ముందు నిలబడినవాళ్లు.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల్లో మ్యూల్ అనే వడికే యంత్రాలు ఉండేవి. వేగంగా తిరిగే కదుళ్ల నుంచి తైలం చిమ్మేది. తెగిన దారాన్ని అతికేందుకు కార్మికుడు యంత్రం మీదికి వంగినప్పుడల్లా తొడల మధ్య బట్టలు తైలంతో తడిసేవి. ఏళ్ల తరబడి అలా తడిసిన చోట, వృషణాల తిత్తి చర్మం మీద, క్యాన్సర్ పుట్టేది. 1922లో మాంచెస్టర్ వైద్యులు సౌతమ్, విల్సన్ ఈ రోగుల్లో మ్యూల్ కార్మికులు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారని చూపారు. మూడు దశాబ్దాలు గడిచాక, 1953లో నిబంధనలు వచ్చాయి. బాగా శుద్ధి చేసిన తెల్ల తైలం గానీ, జంతువుల, మొక్కల నూనె గానీ తప్ప మరొకటి ఆ కదుళ్లకు వాడకూడదన్నారు. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ ప్రాంతంలో ఆటోమేటిక్ లేత్‌ల దగ్గర పనిచేసినవాళ్లలోనూ ఇదే క్యాన్సర్ బయటపడింది. ఆ ముప్పై ఏళ్ల ఆలస్యం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కారణం తెలుసు, మార్గం తెలుసు, మారడానికి మాత్రం ఒక తరం పట్టింది.

ఇప్పటి తైలాలు చాలావరకు శుద్ధి చేసినవే. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన ఖనిజ తైలాలనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో పెట్టింది. అయితే కష్టం అంతటితో తీరలేదు. నీళ్లలో కాస్త నూనె, అది విడిపోకుండా సబ్బు లాంటి పదార్థాలు కలిపితే మనం షెడ్డులో చూసే తెల్లటి కూలెంట్ అవుతుంది. నీళ్లు, నూనె కలిసిన చోట బ్యాక్టీరియాకు విందు. ఆదివారం మిషన్లు ఆగుతాయి. లీకైన గేర్ ఆయిల్ ట్యాంకు మీద తెట్టులా పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అడుగున రెచ్చిపోతుంది. సోమవారం పొద్దున పంపు స్విచ్ వేయగానే కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంటుంది. ఆ బ్యాక్టీరియాను చంపడానికి మందులు పోస్తారు. ఆ మందులు చేతులకు దురద, పగుళ్లు తెస్తాయి. గిర్రున తిరిగే జాబ్ మీద పడ్డ ధార పొగమంచులా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ మంచు గాలిలో ఘనపు మీటరుకు అర మిల్లీగ్రాము మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో సూచించింది.

మరి గింజల నూనెను ఎందుకు వదులుకున్నాం?

దానికి సరైన కారణమే ఉంది. వంటింట్లో నూనె సీసా మూత చుట్టూ, పాత మూకుడు అంచున కట్టే పసుపు బంక చూసే ఉంటారు. ట్యాంకులో పోసిన గింజల నూనెకూ చివరికి అదే గతి. కొవ్వు ఆమ్లపు గొలుసులో అక్కడక్కడా రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు ఉంటాయి. రెండు జంట బంధాల నడుమ ఇరుక్కున్న కార్బన్ మరీ బలహీనం. గాలిలోని ఆక్సిజన్ దాడి చేసేది అక్కడే. ఒక జంట బంధం ఉన్న ఓలిక్ ఆమ్లంతో పోలిస్తే రెండున్న లినోలిక్ ఆమ్లం కనీసం పదింతలు వేగంగా పాడవుతుంది. పాడైన గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని జిగటగా, ఆపై వార్నిష్‌లా గట్టిపడతాయి. వేడి, లోహపు రజను, నిత్యం గాలితో కలబోత ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. స్లైడులు పట్టేస్తాయి, నాజిల్ మూసుకుపోతుంది. నీళ్లు కలిస్తే గ్లిజరాల్ నుంచి గొలుసులు ఊడి పులిసిన వాసన వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లోహాన్ని పట్టుకోవడానికి కారణమైన ఆక్సిజన్ కొస, నేలలోని సూక్ష్మజీవులు ఆ నూనెను సులువుగా విడగొట్టడానికీ కారణమే. ఉన్నది ఉన్నట్టుగా వాడితే గింజల నూనె గుణాన్నీ దోషాన్నీ విడదీయలేం. విడదీయగలిగేది కాలాన్ని. పాడవడానికి నెలలు పడుతుంది. కోతకు కావలసింది క్షణం. ఒకే నూనెను నెలల తరబడి తిప్పడం ఆపేస్తే దాని దోషంలో చాలా భాగం అసలు బయటపడే అవకాశమే ఉండదు.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్నోమ్, లె రోన్ లాంటి రోటరీ విమాన ఇంజన్లు ఆముదంతో నడిచాయి. ఆ ఇంజన్లలో సిలిండర్లే గిర్రున తిరిగేవి. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి క్రాంక్ పెట్టెలోంచే పోయేది. మామూలు తైలమైతే పెట్రోలులో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం పెట్రోలులో సరిగా కరగదు, లోహాన్ని వదలదు. ఒకసారి లోపలికి వెళ్లిన ఆముదం తన పని చేసి పొగతోపాటు బయటికి పోయేది. తిరిగి ట్యాంకుకు రావడం అన్నది లేదు. బంక కట్టే వ్యవధి దానికి ఎక్కడిది? 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన తైలానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ ఆయిల్, అందులోంచి పుట్టిన పేరది.

గంటకు యాభై మిల్లీలీటర్లు

అదే ఆలోచన నేడు మిషన్ షాపులోకి తిరిగొచ్చింది. దీన్ని కనిష్ఠ పరిమాణ కందెన పద్ధతి అంటారు, షాపుల్లో ఎంక్యూఎల్ అని పిలుస్తారు. కంప్రెసర్ గాలిలో నూనెను అతి సన్నని తుంపరలుగా కలిపి నాజిల్ ద్వారా నేరుగా టూలు మొన మీదికి కొడతారు. గంటకు సాధారణంగా 50 మిల్లీలీటర్లలోపు చాలు. ధార పద్ధతిలో నిమిషానికి పది, ఇరవై లీటర్లు పోసే చోట ఇది ఒక టీ గ్లాసు కంటే తక్కువ. నూనె రాపిడిని తగ్గిస్తుంది, కాబట్టి పుట్టే వేడే తగ్గుతుంది. గాలి చిప్‌ను ఊదేస్తుంది, చిప్ తన వేడిని వెంట తీసుకుపోతుంది. కొద్దిపాటి నూనె అక్కడే ఖర్చయిపోతుంది. ట్యాంకు లేదు, బ్యాక్టీరియా లేదు, సోమవారం కంపు లేదు.

ఖర్చు కోణమూ ఉంది. కూలెంట్ కొనడం, తోడడం, వడకట్టడం, చివరికి పారబోసే ముందు శుద్ధి చేయడం అన్నీ కలిపి జర్మన్ వాహన పరిశ్రమలో ఒక భాగం తయారీ ఖర్చులో 7 నుంచి 17 శాతం దాకా అవుతోందని 1990లలో లెక్కతేలింది. టూళ్ల ఖర్చేమో 2 నుంచి 4 శాతమే. టూలు అరుగుతుందన్న భయంతో దానికంటే ఎక్కువ డబ్బు నీళ్లలో పోస్తున్నారన్నమాట. జర్మనీలో ఈ పద్ధతి వేళ్లూనుకోవడానికి ఆ లెక్క గట్టి కారణం.

ఏ గింజ?

కొబ్బరి నూనె మీద మన దేశంలో మంచి ప్రయోగాలు జరిగాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును కార్బైడ్ టూలుతో టర్నింగ్ చేస్తూ వెల్లూరు వీఐటీ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఫలితాల్లో, నీళ్లలో కలిపే కూలెంట్ కంటే, మామూలు కటింగ్ ఆయిల్ కంటే కొబ్బరి నూనె టూలు అరుగుదలను తగ్గించి నునుపును పెంచింది. 2010లో విశాఖపట్నం గీతం విశ్వవిద్యాలయ పరిశోధకులు కొబ్బరి నూనెలో అతి సూక్ష్మమైన బోరిక్ ఆమ్లపు రేణువులు కలిపి ఉక్కును కోశారు. 0.5 శాతం కలిపినప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది. బోరిక్ ఆమ్లం పొరలు పొరలుగా జారే ఘనపదార్థం, అందుకే ఆ మేలు. కొబ్బరి నూనెలో జంట బంధాలు బాగా తక్కువ, కాబట్టి త్వరగా పాడవదు. కానీ 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. డిసెంబరు చలిలో హైదరాబాద్ షెడ్డులో పొద్దున్నే నాజిల్ తెరిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

నాకు ఇంకో అభ్యంతరం ఉంది. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. అలాంటప్పుడు వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలను లేత్‌కు పెట్టమనడం సబబు కాదు. తినని నూనెల వైపే చూడాలి. ఆముదంలో ప్రపంచంలోనే మనది మొదటి స్థానం, పాలమూరు, నల్లగొండ మెట్ట చేలకు అది పాత పంట. దానిలోని రిసినోలిక్ ఆమ్లానికి గొలుసు మధ్యలో ఇంకో ఆక్సిజన్ గుంపు అదనంగా ఉంటుంది, అంటే నారుకు నడుమున ఇంకో వేరు. పట్టు గట్టిది, జంట బంధం ఒక్కటే. చిక్కదనం మాత్రం మిగతా నూనెల కంటే చాలా రెట్లు ఎక్కువ, సన్నటి నాజిల్‌లోంచి తుంపరగా రావడానికి మొరాయిస్తుంది. పలచటి నూనెతో కలిపి వాడటం దానికి ఒక ఉపాయం.

కానుగ సంగతి వేరు. 2000ల్లో కానుగ నూనెను డీజిల్‌కు బదులుగా వాడాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గట్టి ప్రయత్నాలు జరిగాయి. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు గింజలు పోగుచేసి గానుగ పట్టి నూనె తీశారు. అయితే ఇంధనానికి కావలసింది టన్నుల్లో. కోతకు కావలసింది గంటకు 50 మిల్లీలీటర్లు. ఎనిమిది గంటల షిఫ్టుకు 400 మిల్లీలీటర్లు, ఏడాదికి మూడు వందల షిఫ్టులు అనుకుంటే మిషన్‌కు 120 లీటర్లు. ఒక ఊరి గానుగ ఇచ్చే నూనె డీజిల్ ట్యాంకులకు ఏ మూలకూ చాలదు, ఒక షెడ్డుల వరుసకు మాత్రం సరిపోతుంది.

ఎక్కడ చాలదు

గ్రైండింగ్‌లో లెక్క తలకిందులవుతుంది. అక్కడ చిప్‌లు ధూళి అంత చిన్నవి, వేడిలో ఎక్కువ భాగం జాబ్‌లోకే దిగుతుంది. కొద్దిపాటి తుంపర దాన్ని మోయలేదు, జాబ్ ఉపరితలం కాలి నల్లబడుతుంది. టైటానియం, నికెల్ మిశ్రమ లోహాలు వేడిని తమలోంచి పోనివ్వవు, వాటిని వేగంగా కోసేటప్పుడూ ఇదే ఇబ్బంది. అక్కడ ధార తప్పదు.

ఎంక్యూఎల్ తుంపర మొక్క నుంచి వచ్చింది కదా అని పీల్చవచ్చనుకోవడమూ పొరపాటే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన సన్నటి నూనె తుంపర ఏ గింజదైనా హాని చేస్తుంది. మిషన్ చుట్టూ మూత, పైన గాలిని లాగే ఫ్యాన్ ఉండాల్సిందే. వేడి మొనకు తగిలి మిగిలిన పలచటి పొర చల్లారాక బంక కట్టే బెడద కూడా పూర్తిగా పోదు. అందుకే ఈ పద్ధతికి అమ్మే నూనెల్లో చాలావాటిని పచ్చి నూనెగా కాక మార్చి వాడతారు. గ్లిజరాల్‌ను తీసేసి, వేడికి తట్టుకునే మరో ఆల్కహాల్‌ను దాని చోట కూర్చోబెడతారు. గొలుసులు మొక్క నుంచి వచ్చినవే, లోహాన్ని పట్టుకునే కొస అలాగే ఉంటుంది, బలహీనమైన నడుము మాత్రం మారుతుంది. ఈ మార్పు చేయడానికి రసాయన కర్మాగారం కావాలి, ధర కూడా పచ్చి నూనె కంటే ఎక్కువే. బాలానగర్ లాంటి చోట ముందుగా డ్రిల్లింగ్, మిల్లింగ్, అల్యూమినియం పనులకు ఒకటి రెండు నాజిళ్లు బిగించి, ఒకే జాబ్‌ను ధారతోనూ తుంపరతోనూ కోసి, టూలు అంచు అరుగుదలను పక్కపక్కన కొలిచి చూసుకోవడం ఏ షెడ్డుకైనా చేతనయ్యే పని. కంప్రెసర్ చాలా షెడ్లలో ఇప్పటికే ఉంది.